పెట్టి మరిచిపోయే రంగు

జుట్టు చివర్లు కత్తిరించుకుందామని చిక్కడపల్లిలో మా వీధి మొదట్లో కొత్తగా తెరిచిన పార్లర్‌కి వెళ్లాను. అక్కడి పిల్ల నా తల అటూ ఇటూ తిప్పి చూసి, "ఆంటీ, మీకు లో మెయింటెనెన్స్ కలర్ మంచిగుంటది," అంది. "ముంగట, పాపిట కాడ ఏస్త. ఎనక ఎవరు జూస్తరు? గీ వానల్ల ఉక్కపోతకు పూరా ఏసినా నిలవది. గిట్లయితే మీకు పరేషాన్ తక్కువ."

నాకు నవ్వు మొదలై ఆగలేదు. ఆ పిల్ల దువ్వెన పట్టుకుని బిక్కమొహం వేసింది. పాపం, నేను నవ్వింది దాన్ని చూసి కాదు. ముందంతా నల్లగా, వెనకంతా తెల్లగా ఏళ్ల తరబడి ఈ వీధుల్లోనే ఊరేగిన ఒక మనిషి గుర్తొచ్చాడు.

పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆ మాట అన్నవాళ్లకి మా బావగారిలాంటి బంధువు ఉండి ఉండడు. ఆయన మా అక్క మొగుడు. బావగారూ అని పిలిచేదాన్ని కదా అని ఆయనంటే నాకు గౌరవం ఉండేదనుకోకండి. వాళ్లింట్లో ఉండి, వాళ్ల తిండి తిని, డిగ్రీ చదువుకున్నాను. ఆ అన్నం వండి పెట్టింది అక్క. కాబట్టి విశ్వాసం అక్కకి చూపించాను, అభిప్రాయం ఆయన మీద ఉంచుకున్నాను.

రాష్ట్రం కలిసినప్పుడు ఉద్యోగాల మీద కోస్తా నుంచి వచ్చినవాళ్లంతా హైదరాబాదులో నీళ్లు బాగుంటాయనీ, ఎండాకాలం సాయంత్రాలు చల్లగా ఉంటాయనీ చెప్పుకునేవారు. మా బావగారు మాత్రం ఇక్కడి గాలిని మెచ్చుకునేవాడు. పొడిగాలి. బందరులో సముద్రపు గాలికి జుట్టుకి వేసిన రంగు మధ్యాహ్నం భోజనాల వేళకే మెడ మీదికి దిగేదట. అశోక్‌నగర్‌లో అద్దెకు దిగిన రోజునే ఆయన వాకిట్లో నిలబడి గాలి పీల్చి, "ఇక్కడ మనిషి బతకొచ్చు," అన్నాడని అక్క చెప్పింది. ఆయన బతుకంటే నెత్తిమీద నాలుగు వెంట్రుకలన్నమాట.

ఆయనకి యాభై దాటింది. ఆఫీసులో నలభై అని చెప్పేవాడు. నేను వచ్చినప్పుడు నలభై, చదువు ముగించి వెళ్లేటప్పుడూ నలభై. ముప్పై నిండకుండానే తల నెరిసిపోయిందట. ఎందరికి నెరవదు? మా నాన్నకి నెరిసింది, ఆయన దాన్ని తలకి పట్టించుకోలేదు. ఈయన మాత్రం ఎవరో ఇంట్లోకి చొరబడినట్టు ఆ తెలుపు వెంటపడ్డాడు.

రెండు వారాలకొకసారి ఆదివారం వెనక వరండాలో ఆ కార్యక్రమం జరిగేది. ముందురోజే అక్క ఇనప మూకుడులో గోరింటాకు పొడి, కరక్కాయ పొడి, టీ డికాక్షనూ కలిపి నానబెట్టేది. పొద్దున్నే దాంట్లో కోఠీ నుంచి తెచ్చిన ఖిజాబు కలిపేది. కోఠీలో ఒక ముసలి సాయిబు ఆ నల్లపొడి అమ్మేవాడు. "పెట్టుండ్రి, మర్చిపోండ్రి సాబ్. ఏం పరేషాన్ లేదు," అనేవాడట. మా బావగారికి ఆ మాట వేదమైంది. ముక్కాలిపీట మీద కూర్చుని, మెడచుట్టూ పాత పేపరు కట్టించుకుని, ఎదురుగా అద్దం పెట్టుకుని, "ఇక్కడ, ఇదిగో ఇక్కడ, కణతల దగ్గర," అని వేలితో చూపించేవాడు. అక్క రాసేది. ఆరాక కుంకుడుకాయ లేకుండా ఉత్త నీళ్లతో కడిగేది. పీటా, వరండా, చెంబూ తోమేది. అంతా అయ్యాక ఆయన అద్దంలో చూసుకుని నాతో అనేవాడు.

"చూశావుటే పిల్లా, ఎంత సుఖమో! పెట్టి మరిచిపోవడమే."

మరిచిపోయేది ఆయన. అక్క మరిచిపోవడానికి లేదు. ఆవిడ వేళ్ల కొనలు గోళ్లతో సహా ఎప్పుడూ నల్లగా ఉండేవి. పేరంటాలకి వెళ్తే తాంబూలం అందుకునేటప్పుడు వేళ్లు కొంగులో దాచుకునేది. ఒకావిడ, "ఏమ్మా, బొగ్గుల కుంపటా?" అని అడిగితే అవునంది. పార్లర్ పిల్ల పరేషాన్ తక్కువ అనగానే ఎవరికి అని అడగబోయి ఊరుకున్నాను.

ఆయనకి రంగు ఒక్కటే కాదు, రంగు చుట్టూ ఒక ఆచారం ఉండేది. కుర్చీలో వెనక్కి ఆనేవాడు కాదు, మరక పడుతుందని. ఎండలోనూ గొడుగే, వానలోనూ గొడుగే. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడేవాడు. చూసినవాళ్లు ఆడవాళ్ల కోసం మర్యాద అనుకునేవారు. అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. ఆయన ఎవరికీ వంగి దండం పెట్టేవాడు కాదు. వంగితే నడినెత్తిన పాపిట దగ్గర తెల్లటి మొదళ్లు కనబడతాయి కదా! ఉగాది నాడు కన్నతల్లి కాళ్లకి దండం పెట్టాల్సి వస్తే, మోకాళ్లు కొంచెం మడిచి, మెడ నిటారుగా ఉంచి, చేత్తో గాలిలో ఆవిడ పాదాలవైపు చూపించేవాడు. మామ్మగారు ఆ గాలినే దీవించేది.

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే," అనేవాడు దువ్వుకుంటూ. ఇంకొకరి తలలో తెల్లవెంట్రుక కనబడితే మాత్రం, "ఏమండీ, అప్పుడే ఇలా అయిపోయారేమిటి?" అని పదిమందిలో అడిగేవాడు. రంగు వేసుకోవడం నాకు తప్పుగా తోచదు. నేనూ వేసుకున్నాను, ఇప్పుడు విసుగొచ్చి మానేశాను. రంగు వేసుకుని, వేసుకోనివాళ్లని చూసి జాలిపడే మనిషంటేనే నాకు రోత.

ఒకసారి బందరులో మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లాం. వైశాఖ మాసం, పందిట్లో ఊపిరాడని ఉక్క. ఈయన ముందువరసలో పట్టు కండువా వేసుకుని కూర్చున్నాడు. జీలకర్ర బెల్లం వేళకి కణత మీంచి ఒక నల్లని చార బయలుదేరి చెంప మీద ఆగింది. ఎవరో పిల్లవాడు, "తాతగారూ, మీకు దిష్టిచుక్క ఎవరు పెట్టారు?" అన్నాడు. పందిరంతా నవ్వింది. ఆయన చెంప తుడుచుకోవడానికి పైకి లేచి, అక్క పక్కనే ఉన్నట్టు అటు తిరిగి, "నీ కాటుక చేతులు ఎక్కడబడితే అక్కడ పెట్టకు అని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు. అక్క ఆయన పక్కన కూడా లేదు. వంటశాలలో విస్తళ్లు తుడుస్తోంది.

వాళ్లకి పిల్లల్లేరు. అక్కకి రెండుసార్లు కడుపొచ్చి నిలవలేదు. ఆ సంగతి బంధువులందరికీ తెలుసు, కనుక ఎవరూ ఆవిడ ముందు ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. ఇంట్లో నాలుగో మనిషి మామ్మగారు, అంటే ఆయన తల్లి.

మామ్మగారికి జుట్టు లేదు. చిన్నతనంలో భర్త పోతే ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబాల్లో చేసినట్టే ఆవిడకీ తల గొరిగించారు. అప్పటినుంచీ నెలనెలా మంగలి రావడం, ఆవిడ పెరట్లో గోడవైపు తిరిగి కూర్చోవడం. తెల్లపంచె ముసుగు ఎప్పుడూ నుదుటి దాకా ఉండేది. అశోక్‌నగర్‌లో దోమలగూడ బస్తీ నుంచి ఒక పాలమూరు మంగలి వచ్చేవాడు. "అమ్మా, జర తల వంచు," అని నెమ్మదిగా చేసేవాడు. వెనక వరండాలో ఒక ఆదివారం కొడుకు జుట్టుకి రంగు, ఇంకో ఆదివారం అదే పెరట్లో తల్లి తలకి కత్తి. ఆయన ఎప్పుడూ ఆ రెండో ఆదివారం ఇంట్లో ఉండేవాడు కాదు.

నేనొకసారి అడిగాను, బాధ వేయలేదా మామ్మగారూ అని. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అప్పుడు చిన్నవాడు కడుపులో ఉన్నాడమ్మాయ్. కడుపుతో ఉన్నదానికి కత్తి పెట్టకూడదని ఆగారు. నాకేం తెలుసు, అంతటితో వదిలేశారనుకున్నా. రోజూ తలంటుకునేదాన్ని, నడుం దాకా ఉండేది. పురుడయింది, మైల తీరింది, మా మామగారు మంగలిని పిలిచారు." ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "పెద్దవాడికి మూడేళ్లు. నన్ను చూసి జడుసుకుని గుమ్మం దాటి లోపలికి రాలేదు. పాలన్నం పెడితే తినలేదు. ఎవరో అనుకున్నాడు వెర్రినాగన్న."

ఆ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తరవాత తరవాత మా చుట్టాల్లో ఒకాయన, బావగారి జుట్టు పిచ్చికి మూలం అదేననీ, చిన్నప్పుడు తల్లిని అలా చూసిన భయం మనసులో ఉండిపోయిందనీ సెలవిచ్చాడు. ఉంటే ఉండనివ్వండి. భయపడిన పిల్లవాడి మీద నాకు జాలే. ఆ పిల్లవాడికి యాభై ఏళ్లు వచ్చాక కూడా ఆ భయానికి అక్క వేళ్లు నల్లబడాలా అన్నదే నా ప్రశ్న.

అరవై తొమ్మిదిలో ఊళ్లో ప్రత్యేక తెలంగాణ గొడవలు ముదిరాయి. కాలేజీలు మూసేశారు. తెరిచినా రెండు రోజులకే మళ్లీ మూసేవారు. బందులు, ఊరేగింపులు, అప్పుడప్పుడు కర్ఫ్యూ. నేను ఇంట్లోనే ఉండేదాన్ని కనుక ఆయన్ని చూసే భాగ్యం ఎక్కువైంది. మా యాస వినగానే మేం ఎక్కడివాళ్లమో తెలిసిపోయేది. అయినా వీధిలో మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. పక్కింటి ముదిరాజుల అక్క రోజూ గోడమీంచి, "పాలున్నయా? మామ్మ ఎట్లున్నది?" అని అడిగేది. ఈయన మాత్రం కూరగాయల బండివాడి దగ్గర, "ఏంది బయ్, వంకాయ గెట్లిస్తున్నావురా?" అని కొత్తగా నేర్చిన భాష వినిపించేవాడు. బండివాడు, "మీరు మీ లెక్కనే మాట్లాడుండ్రి సారు, నాకు సమజైతది," అన్నాడు.

ఆ వానాకాలం మామ్మగారు మంచాన పడింది. ఆయాసం. హైదర్‌గూడ డాక్టరు రాసిన మందు అయిపోయింది. ఆ రోజు బందు. అక్క, "కొంచెం చూసి రండి, దోమలగూడ మీంచి సందుల్లో వెళ్తే తెరిచిన దుకాణం ఒక్కటైనా ఉండకపోదు," అని బతిమాలింది. "బందులో బయటికి వెళ్లి నన్ను చావమంటావా?" అన్నాడు. మధ్యాహ్నం గొడుగు తీసుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. మాకు కొంచెం ఆశ కలిగింది. సాయంత్రం తడిసిన చెప్పులతో వచ్చాడు. లోపలి గదిలోంచి మామ్మగారు, "దొరికిందా నాన్నా?" అంది.

"దొరికింది," అన్నాడు. చేతిలో ఉన్నది కోఠీ పొట్లం. సాయిబు దుకాణం మూసి ఉంటే వెనక ఇంటికెళ్లి తలుపు కొట్టి తెచ్చుకున్నాడట. మందుకి అడ్డం వచ్చిన బందు రంగుకి రాలేదు. మందు ఆ రాత్రికి పక్కింటి అక్క మొగుడు సైకిల్ మీద నారాయణగూడ దాకా వెళ్లి తెచ్చాడు.

ఆ రోజుల్లోనే మామ్మగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "అమ్మాయ్, నేను పోతే వాడు తల తీయించుకుంటాడంటావా?"

"ఎందుకు తీయించుకోరు మామ్మగారూ?"

"వాడికి జుట్టంటే ప్రాణం. తీయించుకుంటే మళ్లీ తెల్లగా మొలుస్తుంది కదా, నలుగురూ చూస్తారని భయం." ముసుగు నుదుటి మీదికి లాక్కుంది. "నేను అడగను. అడిగించుకుని ఇచ్చేది కాదమ్మా అది. కానీ పెద్దకొడుకు అది ఇస్తే గాని నాకు దారి లేదు."

పెద్దకొడుకు తలవెంట్రుకలు ఇచ్చి కర్మ చేస్తేనే తల్లికి గతి అని ఆవిడ నమ్మకం. నాకు ఆ నమ్మకాలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. కానీ ఆవిడకి ఉన్నాయి. వాటి కోసం ఆవిడ తన జుట్టు ఇచ్చింది, తన వయసంతా ఇచ్చింది. కొడుకు దగ్గర కోరిందల్లా ఆ ఒక్కటే, అదీ నోరు విప్పి కోరలేదు. "చేయిస్తారు మామ్మగారూ," అన్నాను. ఆవిడ నా చెయ్యి నొక్కింది.

శ్రావణంలో పోయింది. ఆ రోజూ బందే. మంగలి రాలేకపోయాడు. చిక్కడపల్లి నుంచి పంతులుగారు మాత్రం తడుస్తూ నడిచి వచ్చి, "ఆపద్ధర్మం బాబూ, దహనం కానిచ్చేద్దాం. క్షౌరం పదోరోజున చేయించుకుందురుగాని," అన్నాడు. మా బావగారి మొహంలో దుఃఖం ఉందో లేదో చెప్పలేను. ఆ మాట వినగానే తేరుకోవడం మాత్రం నేను చూశాను.

కానీ మైలలో రంగు వేసుకోకూడదు. ఆ పదిరోజులూ ఆయన ఎలా గడిపాడో చూడవలసిందే. పాపిట దగ్గర తెల్లగీత రోజురోజుకీ వెడల్పవుతోంది. పలకరించడానికి వచ్చినవాళ్ల ఎదుట తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాడు. ఏలూరు నుంచి వచ్చిన తమ్ముడు, "కర్మ చేసేవాడికి తలపాగా ఏమిటన్నయ్యా?" అంటే, "జలుబు," అన్నాడు. రోజూ పిండప్రదానానికి ముందు తలారా స్నానం చేయాలి కదా, ఒకరోజు వంగి పిండం పెడుతుంటే జుట్టులోంచి నల్లటి చుక్కలు దర్భల మీద పడ్డాయి.

"నీళ్లు ఇలా ఉన్నాయేమిటి బాబూ?" అన్నాడు పంతులుగారు.

"కుళాయి గొట్టాలకి తుప్పండీ," అన్నాడు మా బావగారు.

పదోరోజు కార్యక్రమం నారాయణగూడలో ఒక సత్రం పెరట్లో. వాన తెరిపి ఇచ్చి ఉక్కగా ఉంది. బెజవాడ నుంచి, బందరు నుంచి రైళ్లు పట్టుకుని ముసలి మేనత్తలు, పిన్నులు వచ్చారు. మామ్మగారికి నెలనెలా వచ్చిన ఆ పాలమూరు మంగలే పొద్దున్నే వచ్చి, పీట వేసి, కత్తి నూరి కూర్చున్నాడు. తమ్ముడు చొక్కా విప్పి సిద్ధంగా ఉన్నాడు. ముందు పెద్దవాడు కూర్చోవాలి.

"రాండ్రి సారు, కూసోండ్రి," అన్నాడు మంగలి. "అమ్మకు ఎప్పుడు నేనే చేసిన. నీకు గూడ పైలంగ జేస్త."

ఆయన కదల్లేదు. గొంతు సవరించుకుని, పంతులుగారి దగ్గరికి వెళ్లి, అయినా అందరికీ వినబడేలా అన్నాడు. "ఒక ఇబ్బంది ఉందండీ. మా ఆవిడ నీళ్లోసుకుంది. గర్భిణీ భర్త క్షౌరం చేయించుకోకూడదంటారు కదా."

మా వాళ్లలో అది గట్టి పట్టింపు, భార్య కడుపుతో ఉంటే మగవాడు తలమీద కత్తి పెట్టించుకోడు. పదిరోజులు ఆలోచించి ఆయన పట్టుకున్న వంక అది.

పంతులుగారు తెల్లబోయాడు. "తల్లి కర్మకి ఆ అభ్యంతరం లేదు బాబూ," అన్నాడు మొదట. తరవాత ఆయన మొహం మెత్తబడింది. మంచివాడు, అక్క సంగతి తెలిసినవాడు. "అయినా ఇన్నేళ్లకి అమ్మాయి కడుపు పండిందంటే, మనసులో శంక పెట్టుకోవడం ఎందుకు? రెండు వెంట్రుకలు కత్తిరించి సంకల్పం చెప్పుకుందాం. మీ అమ్మగారు పైనుంచి సంతోషిస్తారు."

ఈలోగా మేనత్తలు అక్కని చుట్టేశారు. ఒకావిడ అక్క గడ్డం పట్టుకుని, "ఎన్నాళ్లకే తల్లీ! ఆవిడ పోతూ పోతూ నీ కడుపున పడిందే," అని ఏడ్చేసింది. ఇంకొకావిడ, నిలబడకు, కూర్చో అంటూ గచ్చు మీద కొంగు పరిచింది. రెండుసార్లు పోగొట్టుకున్న మనిషి దగ్గర, ఆ పోయినదాన్ని తీసి, నెత్తిమీద వెంట్రుకలకి అడ్డం పెట్టుకున్నాడు. నేను చూసిన నీచత్వాల్లో దీన్ని మించింది లేదు.

అక్క మేనత్త చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"లేదండీ పంతులుగారూ," అంది. గొంతు పెంచలేదు. "నేను కడుపుతో లేను. ఆయన అబద్ధం చెప్తున్నారు."

తరవాత ఆయనవైపు తిరిగి, "కూర్చోండి," అంది.

అక్క ఆయన్ని ఆజ్ఞాపించడం అదే మొదలు. ఆయన అక్కని చూశాడు, పీటని చూశాడు, మంగలి చేతిలో కత్తిని చూశాడు. కూర్చుంటాడనే అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం ఆయన కూర్చుంటే నేను ఆ మనిషిని క్షమించి ఉండేదాన్ని.

"చిన్నవాడు ఉన్నాడుగా," అన్నాడు. "ఎవరో ఒక కొడుకు ఇస్తే చాలు."

"అలా అయితే కర్తృత్వం వాడికి పోతుంది బాబూ. ఆవిడకి మీరు పెద్దకొడుకు కాకుండా పోతారు," అన్నాడు పంతులుగారు.

"పోనివ్వండి," అన్నాడు మా బావగారు. గోడకి ఆనించిన గొడుగు తీసుకుని, వాన లేకపోయినా విప్పుకుని, సత్రం గేటు దాటి వెళ్లిపోయాడు. మంగలి కాసేపు ఆ గేటువైపు చూసి, "పాపం అమ్మ," అన్నాడు. తమ్ముడు వచ్చి పీట మీద కూర్చున్నాడు.

చుట్టాలంతా ఊళ్లకి పోయాక వచ్చిన ఆదివారం ఆయన మామూలుగా వెనక వరండాలో పీట వేసుకుని, మెడకి పేపరు చుట్టుకుని కూర్చున్నాడు. మూకుడు ఖాళీగా ఉంది. అక్క లోపల కందిపప్పు బాగుచేస్తోంది. "ఏమేవ్," అన్నాడు. కొంతసేపయ్యాక మళ్లీ, "ఏమేవ్," అన్నాడు. అక్క చేటలోంచి తల ఎత్తలేదు. ఆయన నావైపు చూశాడు.

"పరీక్షలు దగ్గరికొచ్చాయి బావగారూ," అన్నాను. ఆ ఏడు పరీక్షలు జరుగుతాయో లేదో ఎవరికీ తెలియదు, ఆయనకీ ఆ సంగతి తెలుసు.

ఆ రోజునుంచి ఆయన రంగు ఆయనే వేసుకున్నాడు. అద్దంలో కనబడినంత మేర వేసుకున్నాడు. ముందు, కణతలు, పాపిట. వెనక భాగం ఆయనకి కనబడదు, చెయ్యీ సరిగ్గా అందదు. కొన్ని నెలలకే చెవుల వెనకనుంచి మెడదాకా ముగ్గుబుట్టలా అయింది. వేసుకున్న ప్రతిసారీ వంటింటి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నిలబడి అడిగేవాడు.

"వెనక ఎలా ఉంది?"

"బాగుంది," అనేది అక్క.

ఏళ్ల తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. అక్క వేళ్లు మెల్లమెల్లగా తెల్లబడ్డాయి. పేరంటంలో చెయ్యి చాపి తాంబూలం పుచ్చుకునేది. ఆయన ఛాతీ విరుచుకుని నారాయణగూడ చౌరస్తాలో బస్సుకి నిలబడితే, ముందునుంచి వచ్చేవాళ్లు చూసి వెళ్లిపోయేవారు, వెనకనుంచి వచ్చేవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు. ఆఫీసులో ఎవరూ చెప్పలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. అందరి తెల్లవెంట్రుకలూ పదిమందిలో ఎత్తిచూపినవాడికి ఆ ఉపకారం ఎవరు చేస్తారు?

ఆయనా ఒక వానాకాలంలోనే పోయాడు. కబురంది వెళ్లేసరికి హాల్లో వెల్లకిలా పడుకోబెట్టారు. రెండురోజుల కిందటే రంగు వేసుకున్నట్టున్నాడు. వచ్చినవాళ్లు, "ఈ వయసులో కూడా ఒక్క వెంట్రుక నెరవలేదు, అదృష్టవంతుడు," అనుకుంటూ పోతున్నారు. నేను అక్క మొహం చూడకుండా జాగ్రత్తపడ్డాను.

కొడుకుల్లేరు, తమ్ముడు అంతకుముందే పోయాడు కనుక ఆ తమ్ముడి కొడుకు కర్మకి కూర్చోవాలి. ఏలూరు నుంచి వచ్చాడు, బ్యాంకు ఉద్యోగం, కాలరు దాటిన జుట్టు. కుర్రవాడు చెడ్డవాడేమీ కాదు. పెరట్లో మంగలిని చూసి పంతులుగారి దగ్గర నసిగాడు. ఈయన ఆ పాత పంతులుగారి కొడుకే.

"వచ్చే నెలలో నాకు పెళ్లిచూపులున్నాయండీ. రెండు వెంట్రుకలు కత్తిరిస్తే సరిపోదంటారా?"

పంతులుగారు తనే తేల్చలేక అక్కవైపు చూశాడు. భార్య మాట కదా, ఆవిడ ఒప్పుకుంటే ఆయనకి పట్టింపు లేదు. గోడకి ఆనుకుని కూర్చున్న అక్క ఆ కుర్రవాడి జుట్టుకేసి కొంచెంసేపు చూసింది.

"చాలు నాన్నా," అంది. "మీ పెదనాన్నకి అదే ఎక్కువ."